వెనిలా గుత్తికి ఎనిమిదే

మా మేనత్తను అందరూ పెళ్ళిళ్ళ పేరమ్మ అని ఏడిపిస్తారు. ఆవిడ కుదిర్చేవి పూల పెళ్ళిళ్ళు. ఐస్‌క్రీమ్‌లో వాసనగానే మనకు తెలిసిన వెనిలా నిజానికి ఒక తీగకు కాసే కాయ. దాని పువ్వు ఒక్క పూటే విచ్చుకుంటుంది. మా వైపు ఆ పువ్వు మీద వాలే తేనెటీగ లేదు. అందుకని సన్నని పుల్లతో లోపలి పొరను ఎత్తి, పుప్పొడిని బొటనవేలితో అద్దాలి. మధ్యాహ్నం దాటిందా, ఆ కాయ మీద ఆశ వదులుకోవాల్సిందే.

కిందటేటి నుంచి అత్త కుడిచెయ్యి వణుకుతోంది. టీ కప్పును రెండు చేతులతో పట్టుకోవడం చూసి అడిగాను.

"మీ మామయ్యతో అనకు. చెయ్యి పోయిందంటే తోట పోయినట్టే" అంది.

ఆ తోట తప్ప వాళ్ళకు వేరే ఆధారం లేదు. మామయ్యవి మొద్దు వేళ్ళు, ముట్టుకుంటే పువ్వు చిరిగిపోతుంది.

గుత్తికి ఎనిమిది పూలకు మించి అద్దకూడదని నాకు నేర్పింది అత్తే. ఈసారి మాత్రం విచ్చుకున్న ప్రతి పువ్వునూ అద్దింది. పుప్పొడి సరిగా అంటని పువ్వు రాలిపోతుంది; సగం రాలినా సగం మిగలాలని ఆవిడ లెక్క. అద్దిన పూలు రాలకుండా నిలిచినా నమ్మకం కుదరలేదు. రేపు రాలతాయేమోనని ఇంకొన్ని అద్దేది. వద్దంటే వినే రకం కాదు.

బెంగ పట్టుకుంటే అత్త వంటింట్లో దూరుతుంది. ఎండిన వెనిలా కాయను నిలువునా చీల్చి, నల్లని గింజలను కత్తితో గీకి, తొక్కతో సహా వేడి పాలలో వేసింది. మరిగితే వాసన పోతుందని నా చేత మంట తగ్గించింది. తర్వాత తొక్కను కడిగి, ఆరబెట్టి, చక్కెర డబ్బాలో దాచింది. ఆ పాలతో చేసిన కస్టర్డ్ ఇద్దరం తిన్నాం గానీ, రుచి ఒక్కరికీ తెలియలేదు.

పూలకాలం ముగిసింది. గుత్తుల నిండా పచ్చని కాయలు కిక్కిరిసి వేలాడుతున్నాయి. అత్త ముఖం వెలిగింది. ఇంతలో మామయ్య వచ్చి చూశాడు.

"ఇన్ని మోస్తే తీగ చస్తుందే. తెలిసి తెలిసి ఎందుకిలా చేశావు?"

తన చేతి సంగతి అత్త అప్పుడు బయటపెట్టింది. మామయ్య కోప్పడలేదు. ఆ చేతిని కాసేపు తన చేతిలో ఉంచుకుని, ఎక్కువైన కాయలు తుంచెయ్యమన్నాడు.

ఒక్కో గుత్తిలో ఎనిమిది ఉంచి, మిగతా లేతకాయలు తుంచుతూ వెళ్ళింది అత్త. నేను బుట్ట పట్టుకుని వెనకే నడిచాను. ఆవిడ ఏడుస్తోంది.

"ఒక్కటీ తప్పలేదు చూడవే. ఈ చేతిని నమ్ముంటే వీటికి ఈ గతి పట్టేది కాదు."