మామ తెచ్చిన 486

మా మామ చనిపోయాడని పోయిన మంగళవారం తమిళనాడులోని గుడియాత్తం నుంచి ఫోన్ వచ్చింది. అమ్మకు తమ్ముడు. లుంగీలకు గళ్ల డిజైన్లు గీసేవాడు. ఆయన గురించి నాకు ఇప్పటికీ తేలని సంగతి ఒకటుంది. ఏడుపు కంటే ముందు అదే గుర్తొచ్చింది.

తొంభైల మధ్యలో మామ వేలూరు వెళ్లి ఒక కంప్యూటర్ కొన్నాడు. 486 అనే చిప్పుతో వచ్చేవాటిలో చవక రకం. దాన్ని పెట్టే చోటు కోసం అమ్మ నేసే మగ్గాన్ని విప్పేశాడు. కొత్త నమూనాలు నెలలోగా చూపిస్తానని ఒక వ్యాపారికి మాటిచ్చాడు. అమ్మ పక్కింటివాళ్ల మగ్గం మీదికి పోయింది.

డిజైన్ ప్రోగ్రామ్ వేస్తే తెర మీద ఒక ఇంగ్లీషు వాక్యం వచ్చి ఆగిపోయేది. వేలూరు కాలేజీలో చదువుతున్న నేను చదివి చెప్పాను.

"మ్యాథ్ కోప్రాసెసర్ లేదంట మామా."

"అది యాడుంటాది?"



డబ్బాను దుప్పట్లో చుట్టి బస్సులో వేలూరు తీసుకెళ్లాం. కొన్న చోట వేరే ప్రోగ్రాములన్నీ నడిపి, మెషిన్ బాగుందన్నారు. ప్రోగ్రామ్ అమ్మినాయన తన కంప్యూటర్లో వేసి చూపించాడు. అదీ బాగుంది.

"రెండూ బాగుంటే బొమ్మ ఎందుకప్పా రాదు?" అని అమ్మ అడిగింది. మామ అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

చివరికి మామను కాలేజీకి తీసుకెళ్తే మా లెక్చరర్ విడమరచి చెప్పారు. మ్యాథ్ కోప్రాసెసర్ అంటే దశాంశాల లెక్కలు చేసే భాగం; ఖరీదైన చిప్పులో ఉంటుంది, చవకదాంట్లో ఉండదు. ఈ ప్రోగ్రామ్ ఆజ్ఞలిచ్చేది నేరుగా ఆ భాగానికే.

"486 అనే గదా సార్ ఇచ్చినారు?" అన్నాడు మామ.

"పేరు ఒకటేనండీ" అన్నారాయన.

తిరుగు బస్సు పళ్ళికొండ దాటింది. మామ నా వైపు తిరిగాడు.

"లుంగీలో అర పోగు ఉంటాదా అమ్మా?"

"ఉండదు మామా."

"మరి దశాంశం మనకెందుకు?"

తమిళ బడిలో చదివి, తెలుగు మాట్లాడటమే తప్ప చదవడం రాని మనిషి, ఇంగ్లీషు కూడబలుక్కుంటూ బేసిక్ అనే కంప్యూటర్ భాష నేర్చుకున్నాడు. పూర్తి అంకెలతోనే గళ్లు వేసే ప్రోగ్రామ్ సొంతంగా రాశాడు. అందుకు నెలలు పట్టాయి. ఆలోగా ఆర్డరు వేరేచోటికి పోయింది. విప్పిన మగ్గం మళ్లీ బిగించలేదు. మామ గెలిచాడో ఓడాడో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు.

"లేనిదాన్ని లేదని చెప్పినాది ఆ మెషిను. దాని తప్పేముండాది?" అనేవాడు. పిల్లలకు లెక్కలు చెప్పే నాకు ఆ మాట చాలాసార్లు పనికొచ్చింది.

మొదటి నమూనా అచ్చయిన రోజు అమ్మ చేతులు తుడుచుకుని వచ్చి నేల మీద కూర్చుంది. కాగితం మీద వేలు పెట్టి, వరస వరసా పోగులు లెక్కపెట్టింది.

"ఈడ ఒక పోగు ఎక్కువుండాది" అంది.

మామ మోకాళ్ల మీద కూర్చుని, ఆమె వేలు ఎటు పోతే అటే చూస్తూ ఉండిపోయాడు.