వెట్టి అన్న మాటకు నేను చెప్పిన ఇంగ్లీషు

ఎనిమిదేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. నా భార్యకు చెప్పలేదు. గుడికి వెళ్లినప్పుడు కూడా పైపైన దండం పెట్టుకుని వచ్చేస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. నేను ఎవరినీ కొట్టలేదు, ఎవరి ఇల్లూ కూల్చలేదు. ఒక పెద్దాయన తెలుగులో చెప్పిన మాటను ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు, తెలిసి తెలిసి, తక్కువ చేసి మార్చాను. ఇంతేనా అంటారేమో. నేనూ చాలాకాలం ఇంతే కదా అనుకున్నాను.

మేము అమెరికాలోని మోరిస్‌విల్‌లో ఉంటాం. అప్పట్లో శనివారాలు లైబ్రరీ గదిలో తెలుగు పెద్దవాళ్లకు సిటిజెన్‌షిప్ పరీక్ష పాఠాలు చెప్పేవాణ్ణి. వాళ్లంతా పిల్లల దగ్గరికి వచ్చి, గ్రీన్ కార్డు మీద ఏళ్ల తరబడి ఇక్కడే ఉంటున్నవాళ్లు. వయసూ, ఇక్కడ గడిపిన ఏళ్లూ సరిపోతే పరీక్షలో సొంత భాషలోనే జవాబు చెప్పవచ్చు. పక్కన ఇంటర్‌ప్రెటర్ ఉండాలి. ఆ పని కూడా నేనే ఊరికే చేసిపెట్టేవాణ్ణి. "సారు ఇంగ్లీషు వింటే ఆఫీసరే తడబడతడు" అని వాళ్లు అంటుంటే వద్దు వద్దంటూనే ఒకటికి రెండుసార్లు అనిపించుకునేవాణ్ణి.

ఆయన్ని పోశయ్య గారు అంటాను. అసలు పేరు కాదు. డెబ్బై దాటిన మనిషి. తెలంగాణలో ఒక సర్కారు బడిలో అటెండరుగా చేసి రిటైరయ్యారు. ఎప్పుడూ ముందు వరసలో కూర్చుని, నేను చెప్పిందల్లా పెద్ద పెద్ద అక్షరాలతో రాసుకునేవారు. ఆయనకు ఒకటే కోరిక. ఇక్కడ ఒక్కసారి ఓటు వేయాలి. ఎన్నికల రోజు కొడుకూ కోడలూ మనవరాలూ లోపలికి వెళితే తను మాత్రం కారులో కూర్చోవలసి వస్తోందని చెప్పేవారు. ఇక్కడి అంతర్యుద్ధం అయ్యాక, బానిసత్వం నుంచి విడుదలైన నల్లవాళ్లు మొదటిసారి ఓటు వేయడానికి బారులు తీరారని నేను చెప్పిన రోజు, క్లాసు అయిపోయినా ఆయన కుర్చీలోంచి లేవలేదు.

తేడా వచ్చింది ఇంకో శనివారం. అమెరికా రాజ్యాంగం మొదట రాసినప్పుడు అందులో బానిస అన్న మాటే లేదని, 'ఇతర వ్యక్తులు' అని రాసి, జనాభా లెక్కలో అలాంటి అయిదుగురిని ముగ్గురి కింద కట్టారని చెబుతున్నాను. పోశయ్య గారు చెయ్యెత్తి, అయితే ఇది మన వెట్టి లాంటిదే కదా అన్నారు. కాదన్నాను. వెట్టి ఊరి ఆచారం, బానిసత్వం చట్టం, రెండూ వేరన్నాను. నా గొంతు కాస్త పెరిగింది కూడా. ఆయన నింపాదిగా అన్నారు:

"ఆల్లు గూడ ఆ మాట రాయలేదంటిరి గద సారూ. రాయకపోతే లేకుంట పోతదా?"

క్లాసంతా నవ్వారు. నన్ను చూసి కాదు, ఆ మాట బాగుందని నవ్వారు. కానీ నా చెవులు వేడెక్కాయి. ఎందుకో అక్కడ ఎవరికీ తెలియదు. మా తాతకు గడీ ఉండేది. ఊరి మీద పెత్తనం చేసే దొర ఇల్లు. అందులో కొన్ని కుటుంబాలు జీతం నాతం లేకుండా తరాల తరబడి చాకిరీ చేశాయి. రానంటే కుదరదు. మా ఇంట్లో వాళ్లను సొంతవాళ్లలా చూశామని మా అమ్మ చెప్పేది. ఆ ఒక్క ముక్కను పట్టుకుని నేను ఇన్ని వేల మైళ్లు వచ్చాను. పోశయ్య గారు నా ఇంటిపేరు విని ఎప్పుడో పోల్చుకునే ఉంటారు. ఒక్కనాడూ ఆ మాట ఎత్తలేదు.

ఇంటర్వ్యూ రోజు నేనే డ్రైవ్ చేసి తీసుకెళ్లాను. చిన్న గది. ఆఫీసరు ఓపికున్న మనిషి. ముందు నా చేత ప్రమాణం చేయించింది, ఉన్నది ఉన్నట్టు తర్జుమా చేస్తానని. కుడిచెయ్యి ఎత్తి సరేనన్నాను. పది ప్రశ్నల్లో ఆరు రావాలి. పోశయ్య గారు కంగారుపడ్డారు. ఇంట్లో గడగడా చెప్పే పేర్లు కూడా మరిచిపోయారు. తొమ్మిది ప్రశ్నలయ్యేసరికి అయిదు జవాబులే ఒప్పయ్యాయి. పదోది అడిగింది. అంతర్యుద్ధం నడుస్తుండగా అధ్యక్షుడు ఇచ్చిన విముక్తి ప్రకటన ఏం చేసింది?

ఆయన ముఖం విప్పారింది. కుర్చీ అంచుకు జరిగి, అలవాటు కొద్దీ నా వైపు చూస్తూ అన్నారు: "వెట్టి పోగొట్టింది సారూ. మనిషిని మనిషి కట్టేసుకునుడు బంద్ వెట్టింది."

వెట్టికి ఇంగ్లీషు నాకు తెలియదా? సర్విట్యూడ్, అంటే కట్టుబానిస చాకిరీ, అన్న మాట బానిసత్వాన్ని రద్దు చేసిన రాజ్యాంగం పదమూడో సవరణలో ఆ బానిసత్వం పక్కనే ఉంది. నేనే బోర్డు మీద రాసి చూపించాను. ఆ ఒక్క మాట చాలు. అయినా నేను ఆఫీసరుతో, "జీతం ఇవ్వకుండా పని చేయించుకోవడం ఆపింది అంటున్నారు" అన్నాను. రెండో వాక్యాన్ని మింగేశాను. ఆమె పెన్ను ఆపింది. ఇంకొంచెం వివరంగా చెప్పగలరా అని అడిగింది. నేను అడిగాను. ఆయన మళ్లీ అదే చెప్పారు, ఈసారి చేతులు ముడివేసి చూపించి మరీ చెప్పారు. "మళ్లీ అదే అంటున్నారు మేడమ్" అన్నాను. ఆమె కాగితం మీద తప్పని గీత గీసింది.

ఎందుకలా చేశాను? క్లాసులో నవ్వారన్న కోపమా? కొంత అదీ ఉంది. కానీ అసలు సంగతి వేరు. ఆ గదిలో, ప్రమాణం మీద, వెట్టి అంటే బానిసత్వమని నా నోటితో అంటే మా తాత ఏమవుతాడు? ఆయన ఇంట్లో ఆయన ఒళ్లో పెరిగిన నేనేమవుతాను? ఇదంతా అప్పుడు ఆలోచించలేదని, మాట తొందరలో అలా వచ్చేసిందని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కానీ ఆమె రెండోసారి అడిగింది కదా. రెండోసారి తొందరేముంది?

కారు ఎక్కాక ఆయన సీటు బెల్టు పెట్టుకోకుండా చేతిలో పట్టుకుని కూర్చున్నారు.

"నేను తప్పు చెప్పిన్నా సారూ?"

"అవును పోశయ్య గారూ. బానిసలను విడిపించింది అనాలి."

"వెట్టి అంటే గదే గద."

"ఇక్కడివాళ్లకు అది అర్థం కాదండీ."

ఆయన బెల్టు పెట్టుకున్నారు. "నాదే పొరపాటు. మీరు నేర్పిన మాటనే చెప్తే అయిపోతుండె. మీ తిప్పలంత పాడువెట్టిన. ఏమనుకోకుండ్రి సారూ" అన్నారు. నేను పర్లేదన్నాను. మీరు నమ్మాలి, నేను ఆయన్ని క్షమించాను!

ఇంకో అవకాశం ఇస్తారు. మూడు నెలల్లోపు మళ్లీ పిలుస్తారు. ఆయన నోటుబుక్కులో ఆ ఒక్క జవాబే పేజీల నిండా రాసుకున్నారని మనవరాలు చెప్పింది. పిలుపు రాకముందే పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. మరుసటి ఏడాది పోయారు. పరామర్శకు వెళితే వాళ్లబ్బాయి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఆ ఒక్క ఆన్సర్ తప్పు చెప్పిన్నని నాన్న పొయ్యేదాంక ఫీలయిండన్నా. మీరైతే మస్తు హెల్ప్ చేసిన్రు" అన్నాడు. తల ఊపాను. వాళ్లు పెట్టిన టీ తాగి వచ్చాను.

నల్లవాళ్లకు ఓటు హక్కు ఇచ్చినట్టే ఇచ్చి, తర్వాత ఇక్కడి దక్షిణాది రాష్ట్రాల ఓటరు నమోదు ఆఫీసుల్లో ఏవో ప్రశ్నలు అడిగి, ఏం చెప్పినా తప్పని తిప్పి పంపేవారని నేను క్లాసులో ఎంత ఆవేశంగా చెప్పేవాణ్ణో. ఆ గుమాస్తాలు రాక్షసుల్లా ఉండేవారని నా ఊహ. వాళ్లూ నాలాగే ఇస్త్రీ చొక్కా వేసుకుని, మర్యాదగా మాట్లాడే మనుషులే అయి ఉంటారు.

క్లాసులు మానేశాను. కళ్లు సరిగా కనబడటం లేదని చెప్పాను. అదీ అబద్ధమే. వాళ్లబ్బాయి ఇల్లు మా ఇంటికి పది నిమిషాలు. ఇది చదివితే గుర్తుపడతాడు. వచ్చి తిడితే తలుపు తీస్తాను. క్షమించమని అడగను, అడగవలసిన మనిషి లేడు. కానీ ఆ రోజు చేయవలసిన తర్జుమా మాత్రం ఇప్పుడైనా చేస్తాను.

మేడమ్, ఈయన అంటున్నది ఇదీ. ఆ ప్రకటన బానిసత్వాన్ని పోగొట్టింది. మనిషిని మనిషి కట్టేసుకోవడం ఆపింది. మా తాత గడీలో జరిగింది కూడా అదే.

ఈ చివరి వాక్యం పోశయ్య గారు అనలేదు. నేను అంటున్నాను.