నా పాఠం నాకే అప్పజెప్పిన శ్రావణి

బోధన్‌లోని మా డిగ్రీ కాలేజీలో కొన్ని వారాలుగా పిల్లలకు వాదించడం నేర్పుతున్నాను. ఎదుటివారి మాటను ముందు వాళ్లే అవుననేలా చెప్పాలి, ఆ తర్వాతే కాదనాలి. ఎవరూ చెవిన పెట్టలేదనే అనుకున్నాను.

ఈ రోజు క్లాసు చివర, పరీక్షలయ్యేదాకా సాయంత్రం ఇంకో గంట కూర్చోవాలని చెప్పాను. ఎప్పుడూ నోరు విప్పని శ్రావణి లేచి నిలబడింది.

"మేడం, గంట ఎక్కువ కూసుంటే అందరం పాసైతమని మీరంటుండ్రు. గంతేనా?"

"అంతే" అన్నాను.

"గది నిజమే మేడం. కని గప్పటికి మా కందకుర్తి బస్సు ఎల్లిపోతది. రోజూ చీకటి పడ్డంక ఇంటికి పోతే మా బాపు కాలేజే బంద్ చేపిస్తడు. గప్పుడు నేనేం పాసైత? పొద్దుగాల పెట్టుండ్రి, వస్తం."

నేను సరేననేదాకా కూర్చోలేదు. ఆ అదనపు గంటను పొద్దున ఎనిమిదికి మార్చాను. శ్రావణి ముఖం చూస్తే నేను ఓడిపోయినందుకు భలే సంతోషమేసింది.

ఇంటికొచ్చాక వెలిగింది, ఇక నేను నిజామాబాద్‌లోని మా ఇంటి నుంచి పొద్దున ఆరున్నరకే బయలుదేరాలని! దీన్ని కాదనే వాదన ఎవరికైనా తోస్తే కాస్త చెప్పండి. శ్రావణి ముందు నిలబడేది అయ్యుండాలి సుమా.