సలోమి జీపుకి గాలిసంచులు

ఉప్పలగుప్తం దాటి సముద్రం వైపు వెళ్తే, రొయ్యల చెరువులున్నవాళ్ల ఫోన్లన్నిటిలోనూ "జనరేటర్ సలోమి గారు" అనే పేరుంటుంది. కరెంటు పోతే చెరువులో నీళ్లు చిలికే ఏరేటర్లు ఆగిపోతాయి. అవి ఆగితే రొయ్యకి ఊపిరందదు. సొంత జనరేటర్ లేనివాళ్లూ, ఉన్నది మొరాయించినవాళ్లూ సలోమిని పిలుస్తారు. ఆవిడ నాలుగు చక్రాలూ లాగే తన జీపులో డీజిల్ జనరేటర్ వేసుకుని వచ్చి, గట్టు మీద ఆపి, వైరు కలిపేస్తుంది.

సలోమి తండ్రి సువార్త కూటాలకి మైకులూ లైట్లూ పెట్టేవాడు. జనరేటర్ దగ్గు విని దానికేం జబ్బో చెప్పడం ఆవిడకి అక్కడే అబ్బింది. తరవాత కొన్నేళ్లు ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పింది. ఆ బడి మూతపడ్డాక, ఇంకో బడి చూసుకోమని చుట్టాలందరూ చెప్పారు. ఆవిడ మాత్రం ఈ పని పెట్టుకుంది. భర్త సత్యానందం సర్కారు బడిలో మాస్టారు. మొదట్లో గొణిగినా, తరవాత తనే ఆదివారాలు జీపు కడగడం మొదలుపెట్టాడు.

జీపుకి ఒక్కటే లోపం. జనరేటరూ డీజిల్ డబ్బాలూ ఎక్కేసరికి వెనక భాగం చతికిలబడిపోయేది. ముందు లైట్లు కొబ్బరి మొవ్వుల్ని వెతికేవి. తారురోడ్డు మీద ఎలాగో నెట్టుకొచ్చినా, చెరువు గట్ల మీద అది ప్రాణాంతకమని ఒక వానరోజున తెలిసొచ్చింది.

ఆ పొద్దున్న మంగరాజు ఫోన్ చేశాడు. "అమ్మా, కరెంటు పోయిందండి. మా జనరేటర్ అంటుకోట్లేదండి. రొయ్యంతా పైకి తేలిపోతందండి."

సలోమి వెంటనే బయల్దేరింది. మంగరాజు చెరువు అన్నిటికన్నా లోపలుంది. ఆ గట్టు ట్రాక్టరు పట్టేంత వెడల్పు లేదు. తూము దగ్గర గట్టు కాస్త దిగి మళ్లీ ఎక్కుతుంది. దిగేటప్పుడు జీపు వెనక అడుగుభాగం బురదలోకి నాగలి కర్రులా దిగబడింది. వెనక బరువుకి ముందు చక్రాలు తేలిపోయి, స్టీరింగు చేతిలో ఉత్తదే తిరిగింది. ఎంత తొక్కినా బండి కదల్లేదు. మనుషులొచ్చి, మోకులు కట్టి లాగేసరికి చెరువు మీద రొయ్యలు తెల్లగా పరుచుకున్నాయి.

మంగరాజు భార్య రాజ్యం మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి వాటిని జల్లెడతో తీస్తోంది. సలోమి గట్టు మీదే నిలబడిపోయింది. రాజ్యమే తలెత్తి అంది: "మీరేం చేత్తారొదినగారండీ. సాయం చేద్దావనే కదండీ వచ్చేరు."

ఆ మాట తిట్టుకన్నా గట్టిగా తగిలింది.

ఇంట్లో సత్యానందం, "లోపలి చెరువులు వదిలేద్దాం సలోమీ. రోడ్డు పక్కవే చూసుకో," అన్నాడు.

"రోడ్డు పక్కవాళ్లకి ఎవరైనా వస్తారండీ. లోపలున్నవాళ్లకే ఎవరూ రారు. నేనూ మానేస్తే ఎలా?"

మర్నాడు అంబాజీపేట వెళ్లింది. కొబ్బరికాయల లారీలకి కమాను పట్టీలు వేయడంలో బాబూరావుది పెద్ద పేరు. ఆయన జీపు కిందకి దూరి చూసి, "దీనికి పట్టీలు కాదండీ, చుట్ట స్ప్రింగులున్నాయి. గట్టివి వేసేద్దారి," అన్నాడు.

"గట్టివి వేస్తే, జనరేటర్ దింపేసిన రోజున నడుములు విరుగుతాయి బాబూరావు గారూ. ఆదివారం మా సంఘంలో ముసలాళ్లు దీన్లోనే వస్తారు. స్ప్రింగు లోపల పెట్టే గాలిసంచులు ఉన్నాయట కదండీ. బరువున్నప్పుడు గాలి కొట్టుకోవడం, లేనప్పుడు తీసేయడం."

"ఉన్నాయండి. నేనెప్పుడూ వేయలేదండి."

"నేనూ ఎప్పుడూ చూడలేదు. ఇద్దరం చూద్దాం."

బాబూరావు నవ్వి, "ఆయ్, తెప్పించండి," అన్నాడు.

సంచులొచ్చిన రోజున సలోమి పాత చీర కొంగు నడుముకి బిగించి, ఆయన పక్కనే కూర్చుంది. బండిని జాకీల మీదకెత్తి, చక్రాలు విప్పి, ఇరుసుని కిందకి వదిలారు. స్ప్రింగులు సాగాయి. రబ్బరు సంచిలోని గాలంతా పిండేసి, చాపలా చుట్టి, చుట్ల సందులోంచి లోపలికి తోశారు. కిందా పైనా రబ్బరు రాసుకోకుండా బిళ్లలు పెట్టారు. రెండు సంచుల గొట్టాల్నీ ఒకచోట కలిపి, నంబరు ప్లేటు పక్కన ఒకే వాల్వు బిగించాడు బాబూరావు. సైకిలు పంపుతో గాలి కొడితే జీపు వెనక మెల్లగా పైకి లేచింది. చూస్తున్నవాళ్లు ఈలలేశారు.

సలోమి మాత్రం జనరేటర్ ఎక్కించాకే మాట్లాడతానంది. ఎక్కించి, పంటకాలవ మలుపు దాకా తోలింది. మలుపులో బండి ఒక పక్కకి ఒరిగి, ఒరిగినట్టే ఉండిపోయింది. జనరేటర్ కట్టిన గొలుసు కిర్రుమంది. ఆవిడ బండిని మెల్లగా వెనక్కి తీసుకొచ్చింది.

"కొత్త కదండీ, అలవాటైపోద్ది," అన్నాడు బాబూరావు.

"కాదండీ. బరువు పడ్డ వైపు గాలి రెండోవైపు సంచిలోకి పోతోంది. రెండూ కలిసి ఉండకూడదు. దేని గాలి దానికే ఉండాలి."

బాబూరావు మళ్లీ కిందకి దూరాడు. "నిజవేనండీ. ఇంకోటి కూడా చూసేను. ఈ గొట్టం సైలెన్సరుకి ఆనుకుంది. వేడికి కరిగిపోద్ది." గొట్టాలు విడదీసి, చల్లగా ఉండే దారిన తిప్పి, రెండు వాల్వులు పెట్టాడు. చివర్లో చేతులు తుడుచుకుంటూ ఒక మాట అన్నాడు: "అమ్మగారూ, గాలి బండిని నిలబెడతాది గానండి, మోసే సత్తువ పెంచదండి. ఆ డబ్బాలు తగ్గించుకోండి."

అది సలోమికి మింగుడుపడలేదు. అయినా విన్నది. డీజిల్ ఎవరి చెరువు దగ్గర వాళ్లే ఉంచుకోవాలని అందరికీ ఫోన్ చేసి చెప్పింది. కొందరు సణిగారు. ఆవిడ పట్టు వదల్లేదు. గాలి కొట్టి, తీసి, మళ్లీ కొట్టి, ఎంత బరువుకి ఎంత కావాలో చేత్తో తెలిసేదాకా ఖాళీ గట్ల మీద తోలింది.

మరుసటి పంటకి మంగరాజు మళ్లీ చెరువులో రొయ్యపిల్ల వేశాడు. వాయుగుండం పట్టిన ఓ మధ్యాహ్నం కరెంటు స్తంభాలు ఒరిగాయి. మంగరాజు ఫోన్ చేసేసరికే సలోమి జనరేటర్ని జీపులో కట్టేసి ఉంచింది.

తూము దగ్గరికొచ్చి ఆపింది. గట్టు అంచులు వానకి కరిగిపోతున్నాయి. అవతల మంగరాజు గొడుగు లేకుండా నిలబడి, "రావద్దండమ్మా, జారతంది!" అని అరుస్తున్నాడు. సలోమి వానలోకి దిగి, రెండు వాల్వుల దగ్గరా గాలి చూసింది. కుడివైపు కాస్త తగ్గితే పంపుతో కొట్టింది. ఎక్కి, ప్రార్థన చేసుకుని, చిన్న గేరులో బండిని కిందకి వదిలింది. వెనక అడుగు బురదని రాసుకుంది గానీ దిగబడలేదు. ముందు చక్రాలు నేలని పట్టుకున్నాయి. బండి ఎక్కడా ఆగకుండా అవతలికెక్కింది.

వైరు కలపగానే ఏరేటర్లు ఒక్కొక్కటిగా నీళ్లు చిమ్మడం మొదలెట్టాయి. మూతులు పైకి పెట్టిన రొయ్యలు చాలాసేపు అలాగే తేలాయి. కొన్ని చచ్చాయి. తరవాత నెమ్మదిగా రొయ్యలు కిందకి దిగి, నీటి మీద చుక్కలు పలచబడ్డాయి. రాజ్యం మేత చూసే పళ్లెం తాడు పట్టుకుని పైకి లాగింది. అందులో రొయ్యలు టపటపా ఎగిరాయి. ఒకటి వచ్చి సలోమి పాదం మీద పడింది.

"బతికేయండీ వదినగారూ!" అంది రాజ్యం, పళ్లెం అలాగే పట్టుకుని ఏడుస్తూ.

సలోమి వంగి, ఆ రొయ్యని నీళ్లలోకి వదిలేసింది.