సైరన్ వేసిన ఓటు

1964 వర్షాకాలంలో నన్ను బెంగాల్‌లోని రైల్వే వర్క్‌షాపు ఊరు ఖరగ్‌పూర్‌లో, మన తెలుగువాళ్లుండే పూరీ గేట్ వైపు ఒక వార్డు కమిటీకి మీటింగు గుమాస్తాగా వేశారు. అధ్యక్షుల వారి కుడిపక్కన కూర్చుని, ఎవరు ముందు మాట్లాడాలి, తీర్మానం ఎప్పుడు ఓటుకు పెట్టాలి, ఓట్లెలా లెక్కించాలి అన్నది ఆయన చెవిలో చెప్పడం నా పని. పోస్టు తాత్కాలికం. నన్ను ఉంచడమా, ఊడబెరకడమా అన్నది ఆ చెవిగల పెద్దమనిషి చేతిలో ఉండేది.

ఆయన రిటైరైన ఫోర్‌మన్ భీమేశ్వర్రావు గారు. ఆయన దగ్గితే గేటు దగ్గర ఆగిన గూడ్సు బండి పచ్చజెండా లేకుండానే కదిలిపోయేది. సభను అదుపు చేయడానికి వర్క్‌షాపు సుత్తి వాడేవారు. అది బల్లమీద పడ్డప్పుడల్లా నా పళ్లు ఒక వరస వెనక్కి జరిగేవి. సభ్యులంతా ఒకప్పుడు ఆయన కింద పనిచేసినవారే. కాబట్టి చర్చ అనేది మా సభలో గ్రహణం కన్నా అరుదు.

ఆ మధ్యాహ్నం వచ్చిన తీర్మానం ఇది: వర్క్‌షాపు దారిలో అప్పలమ్మ టీకొట్టు రాకపోకలకు అడ్డం, ఎత్తించాలి. ప్రవేశపెట్టినవాడు అధ్యక్షుల వారి బావమరిది సూర్యం. అదే దారిలో అతనికో హోటలుంది. ఈగలు కూడా మొహమాటానికే వెళ్లేవి. అప్పలమ్మకు మొగుడు లేడు, ఆ కొట్టు తప్ప వేరే ఆధారం లేదు. గుమ్మం దగ్గర బెంచీ చివర, చెంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది.

ఎవరి బతుకు మీద తీర్మానం పెడతామో వాళ్ల మాట వినందే ఓటుకు పెట్టకూడదన్నది నిబంధన. అదే చెవిలో చెప్పాను. నా గొంతు దోమ గొంతులా వచ్చింది. ఆయన దోమను తోలినట్టే తోలేశారు.

“ఎవులేటి సెప్పినా అడ్డం అడ్డమే. ఒప్పుకున్నోలు లెగిసి నిలబడండి!”

సరిగ్గా అప్పుడే వర్క్‌షాపులో షిఫ్టు దిగే సైరన్ కూసింది.

మా ఊరివాళ్లకు సైరన్ చెవుల్లో కాదు, మోకాళ్లలో వినిపిస్తుంది. సభ్యులంతా ఒక్కసారిగా లేచారు. కొందరి చేతులు ఆ రోజు వెంట తీసుకురాని టిఫిన్ క్యారియర్ల కోసం బల్ల కింద తడిమాయి. సుత్తి పడింది.

“ఏకగ్రీవం! రాసియ్యవయ్యా.”

సూర్యం గుమ్మం వైపు చూసి పగలబడి నవ్వాడు. “సూడు బావా, అప్పలమ్మ కూడా లెగిసింది!”

నిజమే. షిఫ్టు దిగేవాళ్లకు టీ కాయాలి కదా, ఆమె కాళ్లూ లేచిపోయాయి. తాను దేనికి లేచినట్టయిందో అర్థమయ్యాక ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు.

కలం కాగితం మీద పెట్టి ఆగాను. రాస్తే ఆమె కొట్టు పోతుంది, రాయకపోతే నా కొలువు పోతుంది. భయంతో తలెత్తాను. వర్క్‌షాపు అలవాటు లేనివాణ్ణి కనక గదిలో నేనొక్కణ్ణే కూర్చుని ఉన్నాను. అందుకే ఒక సంగతి కనబడింది.

“అయ్యా, అధ్యక్షులు ఓటు వెయ్యకూడదు. రెండు వైపులా సమానమైతేనే తమరి ఓటు.”

“నానెప్పుడేసినానయ్యా?”

“తమరు కూడా లేచే ఉన్నారు సార్.”

ఆయన తన కాళ్లను పరాయివాళ్ల కాళ్లలా చూసుకున్నారు. మనిషి రిటైరై ఏళ్లయింది గాని, ఆ ఉత్తర్వు కాళ్లకు అందలేదు. సుత్తి గాల్లోనే ఉంది. అది బల్లమీద పడుతుందో, నా నెత్తిన పడుతుందో తెలియక గోడమీది బల్లి కూడా ఊపిరి బిగబట్టింది.

“కూకోండి అందరూ,” అన్నారు చివరికి. “ఏటమ్మా, నువ్వేటైనా సెప్పుకుంటావా?”

అప్పలమ్మ నోట్లోంచి చెంగు తీసి అంది: “ఏటి సెప్తాను బాబూ? సైరన్ కూస్తే మీరంతా నా కొట్టుకాడికే కదేటి వస్తారు. నాను అడ్డమైతే సైకిలు దిగకండి, ఎల్లిపోండి.”

ఈసారి కూర్చోబెట్టి చేతులెత్తించాం. సూర్యం చెయ్యి ఒక్కటే లేచింది. చుట్టూ చూసుకుని, అతను దానితో తల గోక్కున్నాడు. తీర్మానం వీగిపోయింది.

నా పోస్టు పొడిగించినట్టు కబురొచ్చేదాకా, ఇంట్లో చెంబు కిందపడ్డా నాకు సుత్తి చప్పుడే వినిపించింది. పెద్దాయన ఆ విషయం మళ్లీ ఎత్తలేదు. తన కుర్చీకి ఎదురుగా ఒక గోడగడియారం మాత్రం పెట్టించారు.

తరువాతి సర్వీసంతా నేను పాటించినది ఇంతే: బాధపడేవారి మాట ముందు, ఓటు తరువాత, సైరన్ వేళకు ఏదీ వద్దు. ఏకగ్రీవం అన్న మాట వినబడితే, ఎంతమంది లేచారన్నది లెక్కపెట్టే ముందు ఎందుకు లేచారో చూసేవాణ్ణి.