సముద్రం పక్క చక్రం

ఆదివారం సాయంత్రం ఐదూ నలభైకి, బాహూరు నుంచి తిరిగి వస్తూ కడలూరు రోడ్డు ఎక్కిన కాసేపటికి, కారు వెనక నుంచి ఒక మూలుగు వినిపించింది. వేగం పెంచితే పెరిగింది, తగ్గిస్తే తగ్గింది. రేడియో ఆపి, అద్దాలు దించాను. ఆగలేదు. అప్పటికి నా భార్య పోయి నాలుగు నెలలు, కారు వారంటీ అయిపోయి రెండు నెలలు. ఆ శబ్దం నా చెవికి తగలడం అదే మొదటిసారి.

ఆమెకు ఏడాది ముందే తగిలింది. మోకాళ్ళ నొప్పి వల్ల కాళ్ళు చాపుకోవడానికి ఆమె ఎప్పుడూ వెనక సీట్లో కూర్చునేది. బాహూరు ఆమె పుట్టిల్లు, నెలకు రెండుసార్లయినా వెళ్ళేవాళ్ళం. "సముద్రం పక్క చక్రం మోగతాండాది, వినండి" అనేది. వాళ్ళింట్లో అందరిదీ అదే మాట. ఎడమ, కుడి అనరు, సముద్రం ఏ వైపుందో అదే గుర్తు. బీరువాలో సముద్రం పక్క అర, గ్యాసు మీద సముద్రం పక్క పొయ్యి. పెళ్ళయ్యాక మా ఇల్లూ అలాగే అయింది.

ఆమె మొదటిసారి చెప్పిన మరునాడు ఇంట్లో కూర్చుని, షోరూముకు ఇవ్వాల్సిన ఫిర్యాదు కాగితం మీద "ఎడమ వెనక చక్రం" అని రాశాను. వాళ్ళు ఎడమ బేరింగు మార్చారు. శబ్దం పోలేదంది. మళ్ళీ అదే రాశాను, వాళ్ళు మళ్ళీ అదే మార్చారు. మూడోసారి ఆమె చెప్పినప్పుడు, "చక్రంలో ఏమీ లేదు, నీ చెవిలో ఉంది" అన్నాను.

"అయితే చెవి మార్పించండి. దానికి వారంటీ ఉండాదా?" అంది. నవ్వలేదు. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు.

అందుకే ఆ ఆదివారం తర్వాత నాకు కుదురు లేకపోయింది. తెలియాల్సింది ఒకటే: ఇది ఆమె విన్న శబ్దమేనా, కొత్తదా? కొత్తదైతే బాగుండునని ఆశపడ్డాను. అలా ఆశపడ్డానని రాయడానికి సిగ్గుగా ఉంది. పుస్తకం తెరిస్తే రెండో పేజీ దాటలేదు. పని లేకపోయినా కారు తీసి వీరాంపట్టినం మలుపు దాకా వెళ్ళి వచ్చేవాణ్ణి. శబ్దం ఉండేది, ఏ పక్కో తెలిసేది కాదు.

షోరూములో పాత కాగితాలు చూసి, వారంటీ అయిపోయింది, ఎడమ బేరింగు ఎలాగూ కొత్తదే, టైర్లు మార్చి చూడండి అన్నారు. మార్చాను. నాలుగు రోజులు నిశ్శబ్దంగా ఉన్నట్టే అనిపించి, ఐదో రోజు మళ్ళీ మొదలైంది.

నెల్లితోపులో మా వీధి చివర ఒక పెద్దాయన మెకానిక్ షెడ్డు ఉంది. ఆయనా తెలుగువాడే. జాకీ మీద ఎత్తి రెండు చక్రాలూ తిప్పి చూశాడు.

"ఇట్ల తిప్పితే తెలీదు సార్, బరువు పడితేనే మోగతాది. తోలేవాడికీ తెలీదు. వెనక కూచోని వినేదానికి ఇంట్లో ఎవురూ లేరా?"

లేరని చెప్పి, కారు తాళాలు తీసుకున్నాను.

శనివారం పొద్దున నా భార్య చెల్లెల్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని బాహూరు వెళ్ళాను. పోయేటప్పుడు దారి పొడవునా వాళ్ళన్నతో ఫోన్లో మాట్లాడుతూనే ఉంది. తిరుగు ప్రయాణంలో చార్జింగు అయిపోయి ఊరుకుంది.

"సముద్రం పక్క బావా" అంది కాసేపటికి.

"ఎడమే కదా?"

"ఎడమేంది? సముద్రం యాడుందో మరిస్తివా? ఇంటికి పోతా ఉండాం, కుడి పక్కకి వచ్చేసింది. అన్ని పుస్తకాలు చదివినావు, ఇది తెలీదా?"

కారు పక్కకి తీసి ఆపాను. వాళ్ళక్కా అంతే. పోయేటప్పుడు అన్నతో ఫోను, వచ్చేటప్పుడే మౌనం. ఆమె విన్నదంతా తిరుగు ప్రయాణంలోనే. నేను మాత్రం ఇంట్లో కూర్చుని, సముద్రం ఎడమ పక్కనుండే, బాహూరుకు పోయే దారిని తలుచుకుని కాగితం మీద ఎడమ అని రాశాను. ఏ దారిలో విన్నావని ఒక్కసారి కూడా అడగలేదు.

"అక్క నీకు చెప్పలేదా?"

"చెప్పింది" అన్నాను.

సోమవారం పెద్దాయన కుడి బేరింగు విప్పి నా చేతిలో పెట్టాడు. తిప్పితే లోపల ఇసుక ఉన్నట్టు గరగరలాడింది.

"ఇది ఇప్పుడు పోయింది కాదు సార్. ఏడాదిగా మోగతా ఉండాల. బాగుండే ఎడమదాన్ని రెండు తూర్లు ఎందుకు మార్చినారు?"

"నేనే రాసిచ్చాను."

ఆయన కొత్తది బిగించాడు. ఆ పాత బేరింగు కారులోనే, వెనక సీటు కింద ఉంది. బ్రేకు వేసినప్పుడల్లా దొర్లుతుంది. తీసి పారేద్దామని చాలాసార్లు అనుకున్నాను.

ఇప్పుడు చక్రం మోగడం లేదు. అయినా బాహూరు నుంచి వచ్చేటప్పుడు రేడియో ఆపేస్తాను. ఇంట్లో పనిచేయడానికి కొత్తగా వచ్చినావిడ బీరువా తాళం ఎక్కడుందని అడిగితే, కుడి పక్క అరలో అన్నాను. మా ఇంట్లో ఇప్పుడు దేన్నీ సముద్రం పక్కది అని చెప్పడం లేదు.