బురుల్చా ఇనప గరిటె

కొండమీది పచ్చిక బీళ్లలో బురుల్చాకి ప్రాణం రెండింటి మీదే: ఆడగుర్రాలు, ఇనప గరిటె. గుర్రాలు పాలిస్తాయి, ఆ పాలను గరిటె కాపాడుతుంది. అలాగని ఆవిడ నమ్మకం. ఏటా తొలి ఉరుము వినపడగానే గరిటె పుచ్చుకుని బయటికి ఉరికేది. ఉన్ని గుడారాన్ని దబదబా బాదుతూ మూడు చుట్లు తిరిగేది. "నేల పగిలి గడ్డి రావాలి! పొదుగు పగిలి పాలు రావాలి!" నలభై ఏళ్లు అలాగే తిరిగింది. పిడుగు ఆవిడ జోలికి రాలేదు. వస్తే పిడుగునే తిట్టిపోసేది.

ఒక చలికాలం నర్సు సాబీరా ఊళ్లో రబ్బరు బొమ్మను పడుకోబెట్టి పాఠం చెప్పింది. ఉరిమితే గుడారంలోనూ ఉండకండి, లారీ ఎక్కి తలుపులు వేసుకోండి. పిడుగు పడ్డ మనిషి ఒంట్లో కరెంటు మిగలదు, నేల లాగేస్తుందని మట్టిలో పాతిపెట్టకండి, గుండె మీద గట్టిగా నొక్కండి, ముప్పై నొక్కులకి రెండు ఊపిర్లు ఊదండి. బురుల్చా వెళ్లింది టీ కోసం, మిఠాయి కోసం. "బొమ్మను బతికించేదానా, నా ముసలి గొర్రెను కూడా ఓ నొక్కు నొక్కిపోవే!" అని నవ్వింది. సాబీరా వదల్లేదు. ఆవిడ చేత కూడా నొక్కించింది.

బురుల్చా కోడలు సైకాల్ మెత్తని మనిషి. వాళ్లలో అత్త పేరు కోడలి నోట రాకూడదు, "అపా" అనాలి. పెళ్లైన కొత్తలో ఒకసారి నోరు జారింది పాపం. ఆ పిల్ల పోసిన టీని అత్తగారు మూడు రోజులు ముట్టలేదు.

ఆ ఏడు బురుల్చాకి మోకాలు వాచింది. తొలి ఉరుము కొండ వెనక గుర్రుమంది. "ఇదిగో పిల్లా, ఈసారి నువ్వు తిరుగు," అని గరిటె కోడలికిచ్చింది. గరిటె ఇవ్వడమంటే ఇంటి పెత్తనం ఇవ్వడమే. ఆరేళ్లుగా ఎదురుచూసిన సైకాల్ మొహం వెలిగిపోయింది.

రెండో చుట్టులో తెల్లటి మెరుపు, చెవులు చిల్లులు పడే మోత. బురుల్చా బయటికొచ్చి చూసేసరికి కోడలు వెల్లకిలా పడి ఉంది. ఊపిరి లేదు. గరిటె ఎక్కడో పడింది. నేను పంపాను, నేనే పంపాను, అనుకుంది.

పక్క గుడారం నుంచి మరిది తొక్తోసున్ పారతో పరుగెత్తుకొచ్చాడు. "ముట్టుకోకు వదినా! కరెంటు ఉంటుంది! మెడదాకా పాతేద్దాం, నేల లాగేస్తుంది."

"మీ నాన్నని అలాగే పాతారుగా. లేచాడా?"

బురుల్చా వాచిన మోకాలి మీదే కూలబడి, కోడలి గుండె మీద రెండు చేతులూ వేసి నొక్కడం మొదలుపెట్టింది. ముప్పై నొక్కులు, నోట్లో నోరు పెట్టి రెండు ఊపిర్లు. మళ్లీ ముప్పై. "లే తల్లీ! నా కొడుక్కి ఏం మొహం చూపించను? లే!" చేతులు పడిపోతుంటే, "ఇలా రారా, పార పారేసి నొక్కు!" అని మరిదిని గదిమింది. అతను పార పడేసి నొక్కాడు.

సైకాల్ దగ్గింది. మళ్లీ దగ్గి, నొప్పికి మూలిగింది. బురుల్చా ఆ పిల్ల తల ఒళ్లో పెట్టుకుని బావురుమంది. ఆ ఏడుపు ముందు ఉరుములు ఏ మూలకి! తొక్తోసున్ లారీ తీశాడు. ఆసుపత్రి నుంచి పదో రోజుకి సైకాల్ నడిచే వచ్చింది. కుడి చెవి మాత్రం కొంచెం మందగించింది.

మరుసటి ఏడు తొలి ఉరుముకి ఎవరూ చెప్పకుండానే అందరూ లారీ క్యాబిన్లోకి ఇరుక్కున్నారు. బురుల్చా మాత్రం గుడారం గుమ్మం దగ్గర ఆగింది. నలభై ఏళ్ల అలవాటు, ఊరికే పోతుందా? చెయ్యి గరిటె మీదికి పోయింది.

"బురుల్చా! గరిటె వదిలేసి లోపలికి రా!"

కేక పెట్టింది సైకాల్. బురుల్చా గరిటె అక్కడే వదిలి, కుంటుకుంటూ వచ్చి, కోడలి పక్కన కూర్చుని తలుపు లాక్కుంది.

"అత్తను పేరు పెట్టి పిలుస్తుందా!" అన్నాడు తొక్తోసున్. "విన్నావా వదినా?"

"విన్నా," అంది బురుల్చా, కోడలి చెయ్యి పట్టుకుని. "పిలవనీ. పిలవడానికి ఊపిరుంది కదరా."